కొలతకు కుట్టిన బొంత

కటింగ్ మాస్టర్ అంటే కుట్టడం చేతకాని దర్జీ అని మా ఆవిడ రాజమ్మ అంటుంది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టింది, ఇంతవరకు ఆపలేదు. చిత్తూరు బజారు వీధిలో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే షాపులో నేను నలభై ఏళ్ళు కటింగ్ మాస్టర్‌గా ఉన్నాను. చూపు తగ్గి, సుద్దగీత ఒకటి రెండుగా కనబడటం మొదలైనప్పుడు మానుకున్నాను. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. కోపం అందుకే వస్తుంది.

తెలియనివాళ్ళకు చెప్పాలి. షాపులో మాస్టర్ కొలతలు తీస్తాడు, గుడ్డ మీద సుద్దతో గీస్తాడు, కత్తిరిస్తాడు. అంతటితో అతని పని అయిపోతుంది. ఆ ముక్కలను జాకెట్టుగా చేసేది వెనకగదిలో మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు. మెడలో టేపు, వచ్చినవాళ్ళ చేత "మాస్టర్" అనే పిలుపు, ఫ్యాను కింద చోటు నాకు. ఉక్క, దారాల దుమ్ము వాళ్ళకు. మిషను తొక్కడం నేర్చుకున్నాను గానీ కత్తెర చేతికొచ్చాక దాని జోలికి పోలేదు. కుట్టు కోసం అంచున జంధ్యం పోగంత సన్నగా గుడ్డ వదిలి కత్తిరించడం నా గొప్ప.

ఈమధ్య మా వీధి చివర ఇద్దరు అమ్మాయిలు కలిసి టైలరింగ్ షాపు తెరిచారు. కొబ్బరికాయ కొట్టిన రోజే నన్ను కూర్చోబెట్టి, ఈ పని గురించి మీకు తెలిసింది రాసివ్వండి మాస్టర్ అన్నారు. కత్తిరింపు లెక్కలన్నీ వాళ్ళ ఫోన్లలో ఉన్నాయి. ఫోను నాకంటే ఓపిగ్గా చెబుతుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. అందుకని ఫోను చెప్పనివి నాలుగు మాటలు రాస్తున్నాను. వాటిలో సగం నేను పని మానుకున్నాక, ఒక బొంత కుడుతూ నేర్చుకున్నవి.

ఆది జాకెట్టు మాట నమ్మొద్దు

మీ షాపుకు వచ్చే ఆవిడ ఒక పాత జాకెట్టు తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఇదే కొలత, అచ్చం ఇట్లాగే కుట్టాలి అంటుంది. దాన్నే ఆది జాకెట్టు అంటాం. అది ఆమె పెళ్లినాటిది అయివుంటుంది. ఆ తర్వాత ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి, వాళ్ళు పదో తరగతికి వచ్చి ఉంటారు. జాకెట్టు మాత్రం అక్కడే ఆగిపోయింది.

నాకు పని నేర్పిన ముసలాయనను అందరం పెద్ద మాస్టర్ అనేవాళ్ళం. ఆయన నాకు మొదట చెప్పిన పాఠం కత్తెర గురించి కాదు. "ఒళ్ళు పెరిగిందని ఎప్పుడూ అనొద్దప్పా. ఉతికి ఉతికి గుడ్డ ఇంకిందని అను" అన్నాడు. నేను జీవితమంతా అదే అన్నాను. నా లెక్కన చిత్తూరులో ఇంకని గుడ్డ లేదు.

ఆయన దగ్గర చూసిన ఇంకొక సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. మామిడికాయల మండీ నడిపే ఒకాయన భార్య, పెళ్లికూతురైన తన బిడ్డను తీసుకొచ్చింది. మెడ ఇంతే దించాలి, చేతులు మోచేతి దాకా ఉండాలి, ఒంటికి అతుక్కున్నట్టుండాలి అని తల్లి వరుసగా చెబుతోంది. పిల్ల స్తంభంలాగా నిలబడి ఉంది. నేను టేపు తీశాను. పెద్ద మాస్టర్ నన్ను ఆపి, లైనింగు గుడ్డ మీరే చూసి తీసుకోవాలమ్మా అంటూ తల్లిని షాపు ఆ చివరికి పంపించాడు. ఆమె అటు పోగానే, పొద్దున ఏం తిన్నావు తల్లీ అని పిల్లను అడిగాడు. ఆ పిల్లకు నవ్వొచ్చింది. రాగిసంగటి అని చెప్పి గట్టిగా ఊపిరి వదిలింది. ఆయన నా వైపు తిరిగి, "ఇప్పుడెయ్యి టేపు. ఇదీ కొలత" అన్నాడు.

మీరు కూడా అంతే చేయండి. అమ్మో అత్తో పక్కన నిలబడి ఉంటే ఆడపిల్ల ఊపిరి బిగబట్టే ఉంటుంది. ఆ కొలతకు కుట్టిన జాకెట్టు పెళ్లిపీటల మీద తలంబ్రాలు పోసేసరికి చంకలో పిగిలిపోతుంది. అప్పుడు తప్పు మీదే అంటారు.

మా ఓనరు, మా మస్తాన్

మా ఓనరు మంచివాడు. ఒక్క మాట మాత్రం ఆయన నోట పలికేది కాదు. అది "కుదరదు" అనే మాట. మామిడి కోతలు, ముహూర్తాలు ఒక్కసారే వచ్చే రోజుల్లో ఎవరు ఏం తెచ్చినా తీసుకునేవాడు. కాణిపాకంలో పెళ్లి, రేప్పొద్దునకు కావాలి అంటే సరేనమ్మా అనేవాడు. ఆ సరే నా బల్ల మీదికి వచ్చేది, నా బల్ల మీదినుంచి వెనకగదికి పోయేది. అక్కడ మస్తాన్ ఒళ్ళో పడేది.

మస్తాన్ మా షాపులో అందరికంటే బాగా కుట్టేవాడు, అందరికంటే ఎక్కువ సణిగేవాడు. నేను గుడ్డ మరీ తక్కువ వదులుతున్నానని అతని పోరు. మిషను కింద వేలెడు గుడ్డయినా లేకపోతే ఎట్లా పట్టుకునేది అనేవాడు. చేతనైనవాడికి చాలు అనేవాణ్ణి. "ఒకసారి మిషనెక్కి సూడు మాస్టర్, అప్పుడు తెలుస్తాది" అనేవాడు. నువ్వొకసారి కత్తెర పట్టి చూడు అనేవాణ్ణి. ఇద్దరం కలిసే టీ తాగేవాళ్ళం. ఈ వాదన తేలకుండానే నేను పని మానుకున్నాను.

తేల్చింది నా మనవరాలు.

మనవరాలి ఆర్డరు

మా ఒక్కగానొక్క కూతురు శైలజ తిరుపతిలో కాపురం ఉంటుంది. రెండో కాన్పుకు మా ఇంటికి వచ్చింది. వెంట ఐదేళ్ళ హాసినిని తెచ్చింది. బడి పోతుందని అల్లుడు కొంచెం బాధపడ్డాడు. యూకేజీలో పోయే చదువు ఎంతలే అని నేను సర్దిచెప్పాను.

పుట్టబోయే బిడ్డకు కొత్తగుడ్డ వేయకూడదు కదా. మెత్తబడిన పాత నూలు చీరలు ఉతికి ఆరేసి, రాజమ్మ పొత్తిగుడ్డలు చింపుతోంది, చిన్న చిన్న బొంతలు చేత్తో కుడుతోంది. హాసిని పక్కనే కూర్చుని ఒక్కొక్కటి పట్టుకుని ఇదెవరికి అని అడుగుతుంది. బిడ్డకి అంటుంది వాళ్ళవ్వ. ఇది? బిడ్డకే. మరి ఇది? అదీ బిడ్డకే. నాలుగు రోజులు ఈ విచారణ జరిగాక, ఐదో రోజు ఆ పిల్ల ఒక బొంత తీసుకుపోయి మంచం కింద దాచేసింది.

ఆపైన ఇంకొకటి. పుట్టినప్పటినుంచి అది తల్లి కొంగు వేలికి చుట్టుకుని పడుకునే పిల్ల. బిడ్డ వచ్చాక నువ్వు కింద వేరే పడుకోవాలమ్మా అని వాళ్ళవ్వ మెల్లగా చెప్పింది. హాసిని ఏడవలేదు. నేరుగా శైలజ దగ్గరికి పోయి, ఆమె కడుపుకు నోరు ఆనించి "నువ్వు రావొద్దు, ఆడ్నే ఉండు" అని చెప్పివచ్చింది. మేమందరం నవ్వాం. శైలజ నవ్వలేదు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. బిడ్డ వచ్చే వేళకు దీన్ని ఎట్లా విడదీసి పడుకోబెట్టేది అని వాళ్ళమ్మతో దిగులుగా అనడం నా చెవిన పడింది.

నాకు మనసు ఆగలేదు. హాసినిని పిలిచి, నీకు నేను కుడతాను బొంత, రంగురంగులది, మిషను మీద కుట్టేది, అట్లాంటిది ఆ బిడ్డకు కూడా లేదు అన్నాను. దాంట్లో పడుకుంటే నీకు అమ్మ గుర్తుకే రాదు అని కూడా అనేశాను. గొప్పలకు పోయేవాడు ఒక మాట ఎక్కువే అంటాడు.

లోపలినుంచి రాజమ్మ గొంతు వినబడింది.

"ఎవురు కుట్టేది?"

కత్తెర దిగి మిషను ఎక్కడం

గుడ్డకు కొదవలేదు. జాకెట్టు కత్తిరించాక మిగిలే అరచేతి ముక్కలు ఎవరూ అడగరు. రంగు నచ్చినవి నేను ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో వేసేవాణ్ణి. అన్నీ టూ బై టూ, మెత్తని నూలు. నెమలికంఠం, వంగపండు, కనకాంబరం, అరిటాకు పచ్చ, లోకంలో చీరలకు ఎన్ని రంగులున్నాయో అన్నీ ఉన్నాయి. పెట్టె తెరిచేసరికి రాజమ్మ వచ్చి చూసి, సిత్తూరు ఆడోళ్ళ రైకలన్నీ మనింట్లోనే ఉండాయే అంది.

చదరపు ముక్కలు కోసి ఒకదానికొకటి అతికించడం పెద్ద కష్టం కాలేదు. తిన్నగా పోయే కుట్టు ఎవడైనా వేస్తాడు. అసలు పని ఆ తర్వాత ఉంది. పైన ఈ రంగుల గుడ్డ, మధ్యలో నా పాత పంచె మడతలు, కింద రాజమ్మ చీర, మూడింటినీ కలిపి కదలకుండా కుట్టాలి. దాన్నే ఇప్పుడు క్విల్టింగ్ అంటున్నారు. ఫోనులో ఒక తెల్లదొరసాని చేసి చూపిస్తోంది. ఆమె ఇంగ్లీషు నాకు అర్థం కాదు. హాసిని చెబుతుంది. సగం దొరసాని చెప్పింది, సగం తన సొంతం. "గుడ్డను తిట్టకుండా కుట్టాలంట తాతా" అని ఒకచోట చెప్పింది. అది దొరసాని అని ఉండదని నా అనుమానం.

నా అలవాటు కొద్దీ నేను ఒక అంచున మొదలుపెట్టి రెండో అంచుకు కుట్టుకుంటూ పోయాను. జాకెట్టు పక్కకుట్టు అట్లాగే కదా వేసేది. బొంతలో పై గుడ్డ ముందుకు జరిగింది, పంచె వెనకబడింది. ఆ చివరికి చేరేసరికి మిగిలిన గుడ్డంతా గుట్టగా లేచింది. రాజమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి, నూనెలో వేసిన అప్పడం మాదిరి ఉండాదే అని వంటింట్లోకి పోయింది. ఆ కుట్లన్నీ విప్పడానికి ఒక రోజంతా పట్టింది. బొంతకు కుట్టు నడుమ మొదలుపెట్టి అంచులకు పోవాలి, ముడత పడినా బయటికి వెళ్ళిపోతుంది. ఇది ముందే తెలుసుకుని మీరు ఆ రోజు ఆదా చేసుకోండి.

బొంత నిండా దొరసాని వేసే మెలికల కుట్టు ఇంకా కష్టం. మిషను అడుగున పళ్ళుంటాయి, గుడ్డను అవే ముందుకు లాగుతాయి. మెలికలు తిప్పాలంటే ఆ పళ్ళు గుడ్డకు తగలకూడదు, గుడ్డను మన చేతులే తిప్పాలి. మాది పాత మిషను, పళ్ళు కిందికి దిగవు. ఒక పెళ్లిపత్రిక అట్ట కత్తిరించి, సూది దిగడానికి చిల్లు పెట్టి వాటి మీద అంటించాను. చేతులు జారకుండా దొరసాని రబ్బరు గ్లవుజులు వేసుకుంది. నేను సైకిలు ట్యూబు కోసి వేళ్ళకు ఉంగరాలుగా తొడుక్కున్నాను. ఎనిమిది ఉంగరాలు చూసి, యాడికి బయల్దేరినావు జమీందారూ అంది రాజమ్మ.

పాత దిండుగలీబుల మీద సాధన చేశాను. కాళ్ళు వేగంగా తొక్కి, చేతులు నిదానంగా తిప్పాలి. నా కాళ్ళూ చేతులూ అన్నదమ్ముల్లాగా ఎప్పుడూ ఒక మాట మీద ఉండవు. ఒకచోట కుట్టు చీమ అడుగంత ఉంటే, ఇంకోచోట ఏనుగు అడుగంత ఉండేది. మెలిక ముగ్గు వేసేటప్పుడు చెయ్యి చూడొద్దు, పోయే దారి చూడు అని రాజమ్మే చెప్పింది. ఆ తర్వాత కొంచెం దారికి వచ్చింది.

ఒక సాయంత్రం మస్తాన్ చూడటానికి వచ్చాడు. నేను మిషను మీద ఉన్నానని ఎవరో చెప్పివుంటారు. వెనకాల నిలబడి నేను తొక్కడం చూశాడు. నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు.

"నడుం ఎట్లుండాది మాస్టర్?" అన్నాడు.

మండిపోతోంది అన్నాను. అన్నేళ్ళలో అతని నడుం సంగతి నేను ఒక్కసారీ అడగలేదు. నాకు సిగ్గేసింది, దాపరికం ఎందుకు. అమ్మాయిలూ, మీరు అద్దాల బీరువా తర్వాత కొనండి. ముందు మిషను ముందర వీపు ఆనేటట్టు మంచి కుర్చీ కొనండి. మిగతా సలహాలన్నీ దాని తర్వాతే.

ట్రయల్

బొంత పూర్తయింది. అంచుపట్టీ కూడా వేశాను. జాకెట్టుకు ఉన్నట్టే దీనికీ ట్రయల్ ఉండాలని హాసినిని పిలిచి చాప మీద పడుకోమన్నాను. అది చేతులు రెండూ పక్కలకు ఆనించి, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుని పడుకుంది. కప్పాను. గడ్డం కిందినుంచి మడమల దాకా, ఈ భుజంనుంచి ఆ భుజం దాకా గీత గీసినట్టు సరిపోయింది. ఒక వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు. నలభై ఏళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

రాజమ్మ వచ్చి బొంతను చూసింది, నన్ను చూసింది.

"బొంతకు కొలతలు తీసినావా?" అంది. "రేత్రంతా బిడ్డ ఈ మాదిరే పడుకుంటాదా?"

నిజంగా తీశాను. పిల్లను పడుకోబెట్టి, టేపుతో పొడవూ భుజాలూ కొలిచి, ఆ కొలతకే కత్తిరించాను. బొంతను ఒంటికి కొలిచి కుట్టే తెలివితక్కువవాడు దర్జీల్లో తప్ప దొరకడు. రాజమ్మ మాట అంటుండగానే హాసిని పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుంది. సగం బొంత అటు పోయింది, వీపు ఇటు మిగిలింది. అది లేచి కూర్చుని బొంతను అటూ ఇటూ చూసింది.

"అమ్మ యాడ పడుకుంటాది తాతా?"

ఇది నీ ఒక్కదానికేనమ్మా, అమ్మ పైన మంచం మీద పడుకుంటుంది అన్నాను. అది బొంతను చుట్ట చుట్టి నా ఒళ్ళో పెట్టి, అట్లయితే నాకొద్దు అని పోయింది. ఉతికితే సర్దుకుంటుంది, వేసుకుంటే అలవాటవుతుంది అని నలభై ఏళ్ళు ఎంతమందిని ఒప్పించానో. ఈ ఐదేళ్ళ దాని ముందర ఒక్క మాటా పనిచేయలేదు. అది అడిగేదాంట్లో న్యాయం ఉంది. తల్లిని మరిచిపోవడానికి కాదు దానికి బొంత కావలసింది. ఎప్పుడైనా వస్తే చోటు ఉందని తెలియాలి. చోటు ఉంటే చాలు, ఒంటరిగా పడుకోవడానికి అదే ధైర్యం.

అంచులు విప్పాను. రెండుపక్కలా వెడల్పు పెంచడానికి మళ్ళీ పెట్టెలోని ముక్కలు అతికాను. ఒక పక్క కుట్టడం అయింది. రెండో పక్క సూది కింద ఉండగా శైలజకు నొప్పులు మొదలయ్యాయి.

హాసినిని పక్కింట్లో వదిలి, ఆటో పిలిచి పరుగెత్తాం. రాజమ్మ చెంబూ గుడ్డలూ సర్దుకున్న సంచిలో ఆ బొంతను కూడా కుక్కింది, నేను చూడలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని, నేను అటూ ఇటూ తిరుగుతుంటే, ఆమె ఆ మిగిలిన పక్కను చేత్తో కుట్టింది. పుట్టే బిడ్డకా అని ఎవరో అడిగారు. కాదమ్మా, పుట్టిన బిడ్డకి అంది. ఆమె కుట్టు నా మిషను కుట్టుకంటే వంకర. నేను ఆ మాట ఆమెతో అనలేదు. మగబిడ్డ పుట్టాడని నర్సు వచ్చి చెప్పేసరికి ఆమె ముడి వేసి దారం కొరుకుతోంది.

ఎవరికి కుట్టాను

తల్లీబిడ్డలను ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం. మంచం మీద శైలజ, పక్కలో బిడ్డ. కింద చాప పరిచి ఉంది. ఏం జరుగుతుందోనని నేనూ రాజమ్మా గడప దగ్గర నిలబడ్డాం. హాసిని మంచం దగ్గరికి పోయి తమ్ముడి అరికాలును వేలితో నొక్కి చూసింది. సన్నగా ఉండాడే అంది. ఇక పంపించేయమంటుందేమో అనుకున్నాం. అది బొంత తెచ్చి చాప మీద పరుచుకుని, సగం కింద, సగం పైన వేసుకుని, తల్లి వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. కాసేపటికే నిద్రపోయింది. నేను రాజమ్మ వైపు గర్వంగా చూశాను.

అప్పుడు మంచం మీదినుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. శైలజ గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. నొప్పిగా ఉందా అమ్మా అని దగ్గరికి పోయాను.

"లేదు నాయనా. అది పక్కన లేక ఆసుపత్రిలో నాకు నిద్దర పట్టలా."

అన్ని రోజులూ చిన్నదాని గురించే అందరం దిగులుపడ్డాం. అది ఉండగలదా, ఏడుస్తుందా, ఎట్లా మరిపించాలి అని. శైలజను ఎవరూ అడగలేదు. నేనైతే అసలే అడగలేదు. ఊళ్ళో అందరి బిడ్డల ఊపిరీ వదిలించి కొలిచినవాణ్ణి, ఇంట్లో నా బిడ్డ ఇన్ని రోజులుగా ఊపిరి బిగబట్టి తిరుగుతున్నదని కనిపెట్టలేకపోయాను.

శైలజ బిడ్డను తీసి నా చేతుల్లో పెట్టి, మంచం దిగింది. పచ్చి బాలింతవి, నేల మీద పడుకుంటే వాతం చేస్తుంది, ఒళ్ళు తెలిసే చేస్తున్నావా అని రాజమ్మ కేకలు వేసింది. కేకలు వేస్తూనే దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి చాప మీద వేసింది. శైలజ బొంత ఎత్తి మెల్లగా లోపలికి దూరింది. నిద్రలోనే హాసిని చెయ్యి వచ్చి తల్లి కొంగు వెతుక్కుని పట్టుకుంది. ఇద్దరూ ఒకే బొంతలో సరిపోయారు. చిన్నదానికంటే ముందు పెద్దది గురకపెట్టింది.

వెడల్పు పెంచాను గానీ పొడవు పెంచమని నాతో ఎవరూ అనలేదు. నా కూతురి పాదాలు రెండూ బొంత బయట ఉన్నాయి. మనవణ్ణి ఒక చేతిలోకి మార్చుకుని, భుజం మీది తువ్వాలు తీసి వాటి మీద కప్పాను.